సిమెంటన్న గుద్దడం మానేసిన నెల

ఆ రోజుల్లో జగ్గయ్యపేట బస్టాండులో సీటు దొరకాలంటే కాళ్ళకంటే చేతులకే ఎక్కువ పని ఉండేది. బస్సు ఇంకా ఆగకముందే దాని పక్కన పరిగెడుతూ, కిటికీలోంచి కర్చీఫో తువ్వాలో టిఫిన్ బాక్సో లోపలికి విసిరామా, ఆ సీటు మనదైపోయినట్టే. తర్వాత తాపీగా ఎక్కి, "కాస్త జరగండి, సీటు ఆపుకున్నా" అంటే ఎంత బండ మనిషైనా "సరేనమ్మా" అని పక్కకి తప్పుకునేవాడు. పొలం గట్టు జానెడు జరిగిందని తలలు పగలగొట్టుకునే మా వైపు జనం కర్చీఫ్ వేసిన సీటు జోలికి మాత్రం చచ్చినా పోయేవాళ్ళు కాదు. (ఓసారి ఒకాయన చెప్పు విసిరి సీటు ఆపుకున్నాడు. దాన్నీ గౌరవించారు, కాకపోతే ముక్కు మూసుకుని.) ఈ విద్యలో నేను ఆరితేరినదాన్ని. పరిగెత్తే బస్సులో మూడో కిటికీ దగ్గరి సీటుకి గురి తప్పకుండా విసరగలిగిన ఆడపిల్ల పేట మొత్తంలో నేనొక్కదాన్నేనని నాకు గట్టి నమ్మకం. అలాంటి నేను ఓ సోమవారం పొద్దున విసరకూడనిదాన్ని విసిరేసా. అదేంటో చెప్పాలంటే ముందు సిమెంటన్న గురించి చెప్పాలి.

డిగ్రీ అయిపోగానే నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరుగా చేరా. రోజూ పేట నించి నందిగామకి బస్సు, సాయంత్రం మళ్ళీ బస్సు. మా స్కూలు వరండాలో స్టాఫ్ రూము పక్కన ఒక పెద్ద బోర్డు ఉండేది. దాని మీద ఎవరో ఎప్పుడో రాసిన సూక్తి ఒకటి ఎండకి వెలిసిపోయి, సగం అక్షరాలు రాలిపోయి, 'సత్యమే' దగ్గర ఆగిపోయి ఉండేది. నేను చేరిన కొత్తలో ఉత్సాహం ఆగక, ఆ సూక్తి పీకేసి, చార్టు మీద ఓ బొమ్మల కథ వేసి అంటించా. మా వైపు సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు చూస్తూ పెరిగినదాన్ని కదా, నా వీరుడు కూడా అక్కణ్ణించే వచ్చాడు. ఫ్యాక్టరీలో పనిచేసే ఓ కుర్రాడు కాలుజారి సిమెంటు గుంటలో పడతాడు, బయటికొచ్చేసరికి ఒళ్ళంతా సిమెంటు. ఇక ఆ చేత్తో ఏది గుద్దినా పిండే. పేరు సిమెంటన్న. నకిలీ పత్తి విత్తనాలు అమ్మేవాణ్ణి ఒక నెల, మా ఏరు మున్నేట్లో ఇసక దొంగతనంగా తోలేవాణ్ణి ఒక నెల, ఆఖరి గడిలో ధబ్‌మని ఒక్కటిచ్చేవాడు. ఆ 'ధబ్' అన్న అక్షరాలు నేను ఎర్ర స్కెచ్చు పెన్నుతో చార్టు అంచు దాటి బోర్డు చెక్క మీదికి పోయేంత పెద్దగా రాసేదాన్ని. కొత్త చార్టు పెట్టిన రోజు వరండాలో అడుగు తీసి అడుగు వెయ్యడానికి ఉండేది కాదు.

అన్నిటికంటే నాకు ముద్దొచ్చేది ఆ గుంపులో ముందు వరసే. ప్రోగ్రెస్ కార్డు ఇచ్చిన రోజు గోడకి అంటుకుపోయే పిల్లలు, పేరు పిలిస్తే నేల చూపులు చూసే పిల్లలు, ఆ బోర్డు దగ్గర మాత్రం మోచేతులతో తోసుకుని ముందుకొచ్చేవాళ్ళు. ఆ స్కూల్లో వాళ్ళు తలెత్తి చూసే గోడ అదొక్కటే. ఆ జీతానికి, ఆ బస్సు తిప్పలకి, నేను రోజూ పొద్దున్నే లేచి ఉరుకులు పరుగుల మీద వెళ్ళానంటే ఆ గోడ కోసమే, ఇందులో దాపరికం ఏమీ లేదు.

అంతా బాగుంది అనుకుంటుండగా పన్ను ఊడింది. ఏడో తరగతి పిల్లల ఆటలో ఒకడు సిమెంటన్న అయ్యాడు, ఇంకొకడు ఇసక దొంగ. ఇసక దొంగ ముందు పన్ను ఊడి బెంచీ కింద పడింది. మర్నాడు వాళ్ళ నాన్న వీరులపాడు నించి బండేసుకుని వచ్చి, కాగితం పొట్లం ఒకటి ఆఫీసు టేబుల్ మీద పెట్టి విప్పాడు. లోపల పన్ను. "ఇదేనాండీ మీరు నేర్పే చదువు?" అన్నాడు. మా కరస్పాండెంట్ గారు (ప్రైవేటు స్కూలు ఓనర్ని మా వైపు అలాగే అంటారు, ఆయన ఎవరికీ ఒక్క ఉత్తరం కూడా రాసిన పాపాన పోలేదు) ఆ పన్ను వంక చూసి, నా వంక చూసి, నన్ను పిలిపించారు.

"అమ్మా, నేనా బోర్డు మీద మన ర్యాంకు పిల్లల ఫొటోలు పెడదామని ఎప్పటినించో అనుకుంటున్నా. ఫ్రేములు కూడా కట్టించా. మీరేమో దాని మీద వీధి రౌడీని పెట్టారు."

"రౌడీ కాదండి, వీరుడండి."

"పళ్ళు రాలగొట్టేవాడు వీరుడేంటమ్మా? ఒక పని చెయ్యండి. వచ్చే సోమవారం కొత్తది పెడతారుగా? అందులో ఒక్క గుద్దుడు కూడా ఉండకూడదు. మధ్యాహ్నం ఇంటర్వెల్‌కి నేనొచ్చి చూస్తా. గుద్దుడు లేకుండా పిల్లలు నిలబడి చదివితే బోర్డు మీది. చదవకపోతే ఫ్రేములకి మేకులు కొట్టించేస్తా."

బయటికొచ్చేసరికి లెక్కల మాస్టారు తలుపు పక్కనే ఉన్నారు. (ఆయన ఎప్పుడూ తలుపు పక్కనే ఉండేవారు.) "గుద్దుడు లేని సిమెంటన్నా? ఉల్లిపాయ లేని పెసరట్టండి టీచర్ గారూ. ఎవరు తింటారు?" అన్నారు జాలిగా. నాకు ఒళ్ళు మండింది. "చూస్తూ ఉండండి మాస్టారూ, తినిపిస్తా" అనేసా. అనడం అయితే అన్నాను గానీ, ఎలా తినిపించాలో నాకు ఓ ముక్క తెలీదు.

గుద్దొద్దంటే ఇక వాడేం చేస్తాడు? ఆలోచించాల్సిందే. అలా మా సిమెంటన్న తత్వంలోకి దిగాడు. గొప్ప గొప్ప పుస్తకాలు చదివి దింపానని ఇప్పుడు కోతలు కొయ్యొచ్చు గానీ, అసలు కారణం వీరులపాడు పన్ను. ఆదివారం చర్చి నించి రాగానే ముందు గదిలో చార్టు పరుచుకుని కూచున్నా. మొదటి గడిలో సిమెంటన్న మున్నేరు గట్టు మీద కూచుని తన చేతులు చూసుకుంటున్నాడు. రెండో గడిలో కూడా చూసుకుంటున్నాడు. మూడో గడిలో 'ఈ చేతులు పగలగొట్టడానికేనా?' అనుకుంటున్నాడు. మా అమ్మ బియ్యం చేటతో అటు పోతూ ఇటు వస్తూ చార్టు దాటుకుంటూ చివరికి ఆగింది.

"వాడికేమయిందే? ఒంట్లో బాలేదా?"

"ఆలోచిస్తున్నాడమ్మా."

"పొద్దున్నించీ ఆలోచిస్తూనే ఉన్నాడు. ఓ పూట పనికన్నా పోకూడదూ?"

ఆ మాటకి చురుక్కుమని, వాడికి పని పెట్టా. మిరపకాయల బస్తా ఎత్తుకుపోతున్న దొంగ ఒకడు గట్టు మీద పరిగెత్తుతూ కాలుజారి మున్నేట్లో పడతాడు. ఈత రాదు. "కాపాడండీ" అని అరుస్తాడు. గట్టు మీద సిమెంటన్న ఒక్కడే ఉన్నాడు. కానీ సిమెంటు మనిషి నీళ్ళలో దిగితే మునిగిపోడూ? దిగితే తను పోతాడు, దిగకపోతే వాడు పోతాడు. పోయేవాడు దొంగ. ఇక్కడిదాకా చకచకా గీసి ఆఖరి గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. దూకించనా? వద్దా? చీకటి పడేదాకా పెన్ను కొరుకుతూ కూచున్నా, తేలలేదు. చివరికి విసుగొచ్చి, ఆ గడి ఖాళీగా వదిలేసి కింద 'సిమెంటన్న ఏం చెయ్యాలి?' అని రాసి చుట్ట చుట్టేసా. పైకి మాత్రం, ఇదొక కొత్త ప్రయోగం అని నాకు నేనే చెప్పుకున్నా.

సోమవారం పొద్దున బస్టాండులో ఇసకేస్తే రాలనంత జనం. నందిగామ మీదుగా పోయే విజయవాడ బస్సు లోపలికి తిరుగుతోంది. భుజాన బ్యాగు, ఒక చేతిలో టిఫిన్ క్యారియరు, ఇంకో చేతిలో చార్టు చుట్ట. కర్చీఫ్ బ్యాగు అడుగున ఎక్కడో ఉంది. క్యారియరు విసిరితే సాంబారు. చున్నీకి పిన్ను పెట్టి ఉంది. బస్సేమో ముందుకు పోతోంది. ఇక చెయ్యి దాని పని అది చేసేసింది. చుట్ట మూడో కిటికీలోంచి బాణంలా వెళ్ళి సీటులో పడింది. ఎంత గర్వం వేసిందో! తలుపు వైపు నింపాదిగా నడుస్తుంటే, డ్రైవరు దిగి ముందు అద్దంలో బోర్డు తీసి ఇంకోటి పెట్టాడు. జనం గోలగా ఎగబడ్డారు. నేను వెనక్కి వెనక్కి పోయా. తలుపు మూసుకుంది, బస్సు కదిలింది. ఎదురుగా బోర్డు చూద్దును కదా, పెనుగంచిప్రోలు. తిరునాళ్ళ స్పెషల్!

ఎంక్వయిరీ కిటికీ దగ్గరికి పరిగెత్తి, "అండీ, ఆ బస్సు ఆపించండి, నా సీటు అందులో ఉంది!" అని అరిచా. లోపలాయన టీ తాగుతూ, "కర్చీఫ్ వేసావా అమ్మా?" అన్నాడు. "చార్టు వేసానండి." "అయితే ఇంకేం, నీ సీటు ఎక్కడికీ పోదు. భద్రంగా పెనుగంచిప్రోలు పోద్ది" అని మిగతా టీ తాగాడు.

మళ్ళీ గియ్యడానికి టైము లేదు, మధ్యాహ్నానికి కరస్పాండెంట్ గారు వచ్చేస్తారు, వరండాలో ఫ్రేములు, మేకులు. లెక్కల మాస్టారికి ఫోన్ చేసి, "నా పీరియడ్లు కాస్త చూడండి మాస్టారూ, తిరునాళ్ళకి పోతున్నా" అన్నా. "అదృష్టవంతులండీ, నా పేరున కూడా ఓ దండం పెట్టండి" అన్నారాయన. చెప్పడానికి కూడా ఓపిక లేక, పెనుగంచిప్రోలు ఆటోలో ఇరుక్కున్నా. చిల్లకల్లు దాటాక దారంతా బళ్ళు, ట్రాక్టర్లు, డప్పులు. ఊరి పొలిమేరకి వచ్చేసరికి ఆటో ఇక అంగుళం కదలనంది. దిగి, క్యారియరు ఊపుకుంటూ, బళ్ళ మధ్యలోంచి నడుస్తూ ముందుకు పోతే, అదిగో, ట్రాక్టర్ల వెనక ఆగిపోయిన నా బస్సు!

ఎక్కి లోపల చూసినదాన్ని ఈ జన్మకి మర్చిపోను. ఊపిరాడనంత జనం. ఫుట్‌బోర్డు మీద జనం, ఒకళ్ళ కాలు మీద ఇంకొకళ్ళు. మధ్యలో మూడో కిటికీ దగ్గర నా సీటు మాత్రం ఖాళీగా ఉంది. ఎవరో ఆపుకున్నారని పేట నించి ఇక్కడిదాకా ఒక్కళ్ళూ కూచోలేదు. సీటులో నా చార్టు విప్పి, మూలలు లేవకుండా ఒక మూల కొబ్బరికాయ, ఇంకో మూల చెప్పులసంచి బరువు పెట్టి ఉంది. ఎవరిదో పేరుందేమో చూద్దామని విప్పారట. ఇప్పుడు కండక్టరు గారు స్టాపుల పేర్లు పిలిచే గొంతుతో, పైకి చదువుతున్నారు. అది రెండోసారో మూడోసారో చదవడమట.

"ఆ దొంగ సచ్చినోణ్ణి పోనియ్యండయ్యా," అంటోంది చేతినిండా గాజులేసుకున్న ఒకావిడ. "కళ్ళంలోంచి మా బస్తా పోయినప్పుడు తెలిసింది నాకు."

"దొంగైతే మాత్రం పిల్లలుండరా పిన్నీ?"

"ఉన్నోడు నా బస్తా ఎత్తేటప్పుడు ఆ పిల్లల్ని తల్చుకోవాలి!"

"దూకాలండీ, అంత ఒళ్ళు పెంచింది దేనికి?" అని ఫుట్‌బోర్డు మీంచి ఎవరో అరిచారు. "నువ్వు దూకు, ఎదురుగా మున్నేరే" అని ఇంకెవరో. బస్సు రెండు పక్షాలైంది. డ్రైవరు కూడా వెనక్కి తిరిగి, "నీళ్ళు ఎంత లోతో రాసారా?" అని అడిగాడు. ట్రాక్టర్లు కదిలినా ఆయనకి పట్టలేదు. వెనకాల బళ్ళవాళ్ళు హారన్లు కొట్టి చచ్చిపోతున్నారు.

"అండీ, అది నాదండి" అన్నా పీలగా. బస్సంతా నా వైపు తిరిగింది.

గాజులావిడ నన్ను పట్టుకుంది. "నీదా? అయితే చెప్పు, దూకాడా లేదా?"

"నాకూ తెలీదండి."

"రాసింది నువ్వు కాదా?"

"నేనేనండి."

"మరి తెలీకుండా ఎట్టా రాసావమ్మాయ్?"

నేను కొబ్బరికాయ పక్కకి జరిపి చార్టు అందుకున్నా. కానీ నిజం చెప్పొద్దూ, గుండె లోపల బాణసంచా కాలుతోంది. ధబ్ లేదు. ఎర్ర అక్షరాలు లేవు. అయినా ఇంతమంది పెద్దవాళ్ళు, తిరునాళ్ళకి పోతూ, దేవుణ్ణి కాసేపు పక్కనపెట్టి నా దొంగ గురించి కొట్టుకుంటున్నారు! నేను చార్టు చుట్టుకుంటుంటే, ఎవరి అభిప్రాయం వాళ్ళు నా చెవిలో వేసి మరీ దారిచ్చారు. దిగబోతుంటే కండక్టరు గారు టిక్కెట్టు అన్నారు. "నేను ఇప్పుడే ఎక్కానండీ!" అంటే, "నువ్వు ఎక్కలేదు, నీ సీటు పేటలోనే ఎక్కింది" అని పేట నించి టిక్కెట్టు చింపి చేతిలో పెట్టారు. ఆ న్యాయం నాకూ నచ్చింది, డబ్బులిచ్చి తీసుకున్నా.

నందిగామలో స్కూలు చేరేసరికి ఇంటర్వెల్ గంటకి కొంచెమే టైముంది. వరండాలో కుర్చీ మీద ఫ్రేములు దొంతరగా ఉన్నాయి. పక్కన కరస్పాండెంట్ గారు, ఆయన పక్కన సుత్తితో అటెండరు, తలుపు పక్కన లెక్కల మాస్టారు. నేను గబగబా చార్టు అంటించా. నలిగిపోయింది, ఒక మూల కుంకుమ వేలిముద్ర, ఇంకో మూల బూందీ నూనె. గంట కొట్టారు. పిల్లలు తోసుకుంటూ వచ్చి చదివారు. చదివి, ఆఖరి గడి కింద ఇంకేమైనా ఉందేమోనని వెతికారు.

"టీచర్, ధబ్ ఏది?" అన్నాడొకడు.

కరస్పాండెంట్ గారు అటెండరు వైపు చూసారు. అంతలో ఇంకొకడు, "దూకితే మునిగిపోతాడ్రా, సిమెంటు కదా" అన్నాడు. "దూకకపోతే వాడు సిమెంటన్న ఎలా అవుతాడ్రా?" అన్నాడు మూడోవాడు. అంతే, తేనెతుట్టె కదిలింది. పెనుగంచిప్రోలు బస్సు మా వరండాలోకి వచ్చినట్టే ఉంది. క్లాసు గంట కొట్టారు, ఎవరూ కదల్లేదు. మళ్ళీ కొట్టారు. గంట కొట్టే ఆయనే గంట వదిలేసి చూడ్డానికొచ్చాడు.

"ఆగండ్రా!" అని అరిచారు కరస్పాండెంట్ గారు. నా పని అయిపోయిందనుకున్నా. ఆయన జనాన్ని తోసుకుని బోర్డు ముందుకొచ్చారు. ఆ రోజుల్లో స్కూలు పైన ఇంకో అంతస్తు కట్టిస్తున్నారు, రోజూ పొద్దున లుంగీ మడిచి శ్లాబు మీద ఆయనే నీళ్ళు కొట్టేవారు. "సిమెంటు గురించి మీరా నాకు చెప్పేది? సిమెంటుకి నీళ్ళు తగిలితేనేరా బలం! నీళ్ళు పట్టని సిమెంటు బీటలిస్తుంది. వాడు దూకాలి. దూకితే ఇంకా గట్టిపడతాడు!" అన్నారు చూపుడువేలు గాల్లో ఆడిస్తూ. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన మొహం వెలిగిపోయింది. మేకులూ ఫ్రేములూ ఎప్పుడో మర్చిపోయారు.

అప్పుడు గుంపులోంచి ఒక చెయ్యి లేచింది. ఎనిమిదో తరగతి పిల్ల, ఆఖరి బెంచీ. హాజరు పలకడం తప్ప ఆ పిల్ల గొంతు నేనెప్పుడూ విన్లేదు.

"సార్, గట్టిపడ్డానికి దూకితే, అది దొంగ కోసం దూకినట్టు కాదు కదండీ?"

కరస్పాండెంట్ గారి వేలు గాల్లోనే ఆగిపోయింది. "మరి దేనికి దూకాలంటావమ్మా?" అన్నారు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు.

"వాడు అరుస్తున్నాడు కదండీ సార్. అందుకు."

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. గోడ మీద భారతదేశం మ్యాపులో ఏదో వెతుకుతున్నట్టు అటు తిరిగిపోయా. వెనక పిల్లల కేకలు, ఈలలు. ఆ పిల్లని ఎవరో ఎత్తేసినట్టున్నారు. సంతోషం అంటే ఇలా ఉంటుందని నాకప్పటిదాకా తెలీదు. చాలాసేపటికి కరస్పాండెంట్ గారు అటెండరుతో, "ఆ ఫ్రేములు తీసుకెళ్ళి నా రూములో పెట్టు" అన్నారు. లెక్కల మాస్టారు నా దగ్గరికొచ్చి, "ఉల్లిపాయ లేకపోయినా తిన్నారండీ" అని ఒప్పుకున్నారు. ఆయన ఏదైనా ఒప్పుకోవడం నేను చూడ్డం అదే మొదలు, అదే ఆఖరు.

(ఆలస్యానికి అర్ధరోజు సెలవు మాత్రం రాసేసారు. రాస్తూనే కరస్పాండెంట్ గారు గొంతు తగ్గించి, "వచ్చే నెల దూకుతాడా? ఎవరికీ చెప్పన్లే, నాకు చెప్పమ్మా" అన్నారు.) సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "తిరునాళ్ళ బస్సులో నిలబడి ప్రసంగం చేసావంట? ఆదివారం చర్చిలో ఫాదర్ గారికి ఏం చెప్పమంటావే?" అంది. ఆ కబురు నాకంటే ముందు ఎలా చేరిందో ఇప్పటికీ తెలీదు.

పై నెల చార్టు నేను గియ్యలేదు, గియ్యనివ్వలేదు. ఆఖరి గడి మేమే వేస్తామని పిల్లలు కాగితాలు పట్టుకొచ్చారు. ఒకదాంట్లో సిమెంటన్న దూకాడు, ఒకదాంట్లో దొంగ తానే సిమెంటన్నని లాగాడు, ఇంకోదాంట్లో ఊళ్ళో ఆడవాళ్ళంతా చీరలు ముడేసి తాడు చేసారు. బోర్డు చాలక వరండా గోడ పొడుగునా అంటించాం. ఆ తర్వాత ఏ నెలా పిల్లలు ఆ స్కెచ్చు పెన్ను నాకు తిరిగి ఇవ్వలేదు. ఒకపక్క పొంగిపోతూనే, ఇంకోపక్క లోలోపల కాస్త ఉడుక్కునేదాన్ని.

ఇప్పుడు నేను గవర్నమెంటు స్కూలు టీచర్ని. కొత్త టీచర్లకి ట్రైనింగుల్లో పాఠాలు కూడా చెబుతున్నా. ఆ ఆఖరి గడిలో ఏం ఉండాలో నాకు అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. అప్పుడు ఆ సంగతి బస్సు నిండా జనం ముందు ఒప్పేసుకున్నా. ఇప్పుడు మైకు చేతికొస్తే చాలు, అన్నీ తెలిసినట్టే మాట్లాడేస్తున్నా, మధ్యలో నా గొంతు నాకే వినపడి నవ్వొస్తోంది. అలాంటప్పుడు వెనక వరసలో ఎవరైనా మొహమాటంగా చెయ్యెత్తితే మైకు పక్కన పెట్టేసి, "చెప్పమ్మా" అంటా.